పాత వైన్‌లో మెంతుల వాసన: ఒక్క ముక్కు చాలని చోట

2005 అక్టోబరులో ఒక రాత్రి న్యూయార్క్ నగరంలో జనం అధికారులకు వరుసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఊరంతా పాకం కాచినట్టు తీపి వాసన వస్తోందన్నది వాళ్ళ ఫిర్యాదు. అమెరికాలో పాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ సిరప్ వాసన అది. ఎవరైనా విషవాయువు వదిలారేమోనని భయపడినవాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మూడేళ్ళకు పైగా ఆ వాసన వస్తూ పోతూ ఉంది. గాలి దిశనూ ఫిర్యాదులు వచ్చిన చోట్లనూ కలిపి చూసి, 2009 ఫిబ్రవరిలో నగర మేయర్ అసలు సంగతి ప్రకటించారు. నది అవతల న్యూజెర్సీలో సుగంధ ద్రవ్యాలు తయారుచేసే ఒక కర్మాగారం మెంతుల నుంచి సారం తీస్తోంది. నగరాన్ని కంగారు పెట్టిన వాసన మెంతులదే!

మన పోపుల డబ్బాలోని ఈ మెంతులకూ, ఖరీదైన పాత వైన్‌కూ చుట్టరికం ఉంది. మెంతులకు ఆ వాసననిచ్చే ముఖ్యమైన అణువు పేరు సోటోలాన్. ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతంలో తయారయ్యే ‘వాన్ జోన్’ అనే పసుపు వైన్‌లో, పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి వైన్‌లో, పీపాల్లో ఏళ్ళ తరబడి మాగిన పోర్ట్ వైన్‌లో ఇదే అణువు ఉంటుంది. జపాన్‌లో బియ్యంతో చేసే సాకే పాతబడినా ఇదే పుడుతుంది. లీటరు వైన్‌లో కొన్ని మైక్రోగ్రాములు ఉంటే చాలు, ముక్కు పట్టేస్తుంది. మెంతులు బాగా తిన్న మర్నాడు చెమటకు కూడా ఆ వాసన అంటుకునేది ఇందుకే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో నిమ్‌పురా ఉంది. రైల్వే ఉద్యోగాల కోసం తాతల కాలంలో ఆంధ్ర తీరం నుంచి బండెక్కి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో ఎన్నో. అక్కడి వంటింట్లో మాగాయ, మెంతికాయ వాసనల మధ్య పెరిగిన మనిషి చేతికి పాత మదీరా గ్లాసు ఇచ్చి వాసన చూడమంటే, ‘మెంతులు’ అన్న మాటే ముందు రావచ్చు. ఫ్రాన్స్‌లో పెరిగిన మనిషి అదే వాసనకు ‘అక్రోటు గింజ’ అనో, ‘కూరపొడి’ అనో పేరు పెడతాడు. ఇద్దరి ముక్కుల్లోకీ వెళ్ళిన అణువు ఒకటే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మరి ఒక రుచి గురించి ఒక మనిషి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి? మాగిన వైన్‌ను ఇష్టపడేవాళ్ళు పదిమంది కూడి ఎందుకు రుచి చూస్తారు? దీనికి సరదా ఒక్కటే కారణం కాదు. రసాయన శాస్త్రం, నాడీ శాస్త్రం, గణాంక శాస్త్రం మూడూ వేర్వేరు దారుల్లో వచ్చి ఇక్కడ కలుస్తాయి.

సీసాలో కాలం చేసే పని

ముందుగా ఒక మాట. మన ఊళ్ళలో ‘వైన్స్’ అన్న బోర్డు కింద అమ్ముడుపోయేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. ఇక్కడ మాట్లాడుతున్నది ద్రాక్షరసాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి చేసే అసలు వైన్ గురించి. అందులో ఎక్కువ భాగం నీరే. 12 నుంచి 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి భాగంలో ఆమ్లాలు, గ్లిసరాల్, రంగు పదార్థాలు, టానిన్లు, వందలాది సుగంధ అణువులు ఉంటాయి. పాతబడేకొద్దీ మారేది ముఖ్యంగా ఈ కొద్దిపాటి భాగమే.

పాతబడితే ప్రతి వైనూ బాగుపడుతుందనుకోవడం పొరపాటు. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఒకటి రెండేళ్ళలో తాగేయడానికి చేసిందే. ఆమ్లం, టానిన్, చక్కెర వంటివి తగినంత ఉన్న కొన్ని రకాలే దశాబ్దాలు నిలుస్తాయి.

కొత్త ఎర్ర వైన్ ఊదా ఛాయలో ఉంటుంది. ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు ఆ రంగునిస్తాయి. తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు వగరునిస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద అణువులవుతాయి. రంగు ఊదా నుంచి ఇటుక ఎరుపుకు దిగుతుంది. కొంత భాగం మడ్డిగా అడుగున చేరుతుంది. అందుకే పాత సీసాను కుదపకుండా, పైతేటను నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచుతారు. తెల్ల వైన్‌ది దీనికి ఎదురు దారి. దాని రంగు పాతబడేకొద్దీ బంగారు ఛాయలోకి, తర్వాత గోధుమ ఛాయలోకి ముదురుతుంది.

వగరు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఉగాది పచ్చడి తిన్న ప్రతి తెలుగువారికీ అది షడ్రుచుల్లో ఒకటి. శరీర శాస్త్రం మాత్రం దీన్ని తీపి, పులుపుల జాబితాలో చేర్చదు. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దగా మార్చేస్తాయి. నోటిలో జారుడుతనం పోయి, నాలుక గరుకుగా ఈడ్చినట్టు అనిపిస్తుంది. కాబట్టి వగరు చాలావరకు స్పర్శ. పచ్చి అరటికాయ, లేత మామిడిపిందె, చిక్కటి డికాక్షన్, కొత్త ఎర్ర వైన్ నోట్లో చేసే పని ఒకటే. వైన్ మాగేకొద్దీ ఈ గరుకు తగ్గి మెత్తబడుతుంది. అది సరిగ్గా ఎలా జరుగుతుందన్నదానిపై పరిశోధన ఇంకా సాగుతోంది.

వాసనల కథ వేరు. కొత్త వైన్‌లో పళ్ళ వాసనకు ఎస్టర్లు ముఖ్య కారణం. అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ వాటిలో ఒకటి. నీరు, ఆమ్లం ఉన్నచోట ఇవి నెమ్మదిగా విడిపోతాయి. పళ్ళ వాసన తగ్గుతుంటే, వెనకనుంచి వేరేవి పైకి వస్తాయి. జర్మనీ రీస్లింగ్ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ పాతబడితే కిరోసిన్ లాంటి వాసన వస్తుంది. ద్రాక్షలోని కెరోటినాయిడ్లు విడిపోగా పుట్టే టీడీఎన్ అనే అణువు పని అది. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, తగు పాళ్ళలో ఉంటే దాన్ని ఇష్టపడేవాళ్ళున్నారు.

సీసా మూతగా పెట్టే బెరడు బిరడా గుండా ఏడాదికి మిల్లీగ్రాము స్థాయిలో ఆక్సిజన్ లోపలికి వెళుతుంది. ఆ పిసరు గాలే మాగడాన్ని నడిపిస్తుంది, ఎక్కువైతే పాడుచేస్తుంది. ఉష్ణోగ్రత కూడా అంతే. 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లటి నేలమాళిగలో వైన్‌ను దాస్తారు. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. 33 డిగ్రీల గదిలో ఆ లెక్కన నాలుగు రెట్లు. అలాగని నాలుగేళ్ళ మాగుడు ఏడాదిలో వచ్చేస్తుందా? రాదు. వేడికి ఒక్కో చర్య ఒక్కో రకంగా వేగం పుంజుకుంటుంది కాబట్టి, వాటి మధ్య ఉండాల్సిన పొంతన చెడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఖరగ్‌పూర్‌లో బీరువాలో పెట్టిన సీసా మాగదు, ఉడుకుతుంది.

ఒకచోట గుణం, ఒకచోట దోషం

వాన్ జోన్ తయారీలో పీపాను పూర్తిగా నింపరు, ఆవిరై తగ్గిన వైన్‌ను తిరిగి నింపరు కూడా. పైన ఈస్ట్ ఒక మీగడలా తెట్టు కడుతుంది. ఆరేళ్ళకు పైగా అలాగే వదిలేస్తారు. తెట్టు కింద ఆల్కహాల్ నుంచి అసిటాల్డిహైడ్ తయారవుతుంది. థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చే ఒక కీటో ఆమ్లంతో అది కలిసినప్పుడు సోటోలాన్ పుడుతుంది. ఈ వైన్‌ను 62 సెంటీలీటర్ల ప్రత్యేక సీసాలో పోస్తారు. లీటరు పోస్తే అన్నేళ్ళకు మిగిలేది అంతేనని అక్కడివారు చెబుతారు.

జురాలో ఈ మెంతుల వాసన లేకపోతే కొనేవాళ్ళు పెదవి విరుస్తారు. అదే వాసన మామూలు తెల్ల వైన్‌లో వస్తే, ‘గాలి సోకి పాడైంది’ అని పక్కన పెడతారు. అణువు మారలేదు. దాని నుంచి మనం ఆశించింది మారింది. కాబట్టి ‘మంచి రుచి’ అన్న తీర్పు సీసాలో సగమే ఉంటుంది. మిగతా సగం రుచి చూసే మనుషుల అనుభవంలో, వాళ్ళ మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంటుంది.

పక్కవాడి ముక్కు ఎందుకు కావాలి?

జలుబు చేసినప్పుడు అన్నం రుచించదు. నాలుక బాగానే ఉన్నా ముక్కు పనిచేయకపోవడమే కారణం. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. ఈ వాసనలను పట్టే గ్రాహకాలకు సంబంధించిన జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. మనిషిలో పనిచేసే గ్రాహక రకాలు దాదాపు 400. అయితే వాటిలో ఏవి ఎంత చురుగ్గా ఉంటాయన్నది మనిషికీ మనిషికీ తేడా.

దీనికి చక్కని ఉదాహరణ మిరియాలు. షిరాజ్ ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు వాసన ఎక్కడి నుంచి వస్తుందో చాలాకాలం తెలియలేదు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దానికి కారణం రొటండోన్ అనే అణువని తేల్చారు. మిరియాల్లోనూ ఉండేది అదే. లీటరు నీటిలో 8 నానోగ్రాములు ఉన్నా పసిగట్టగలిగే ముక్కులున్నాయి. అంటే గ్రాములో పది కోట్లకు పైగా ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క! కానీ వాళ్ళు పరీక్షించినవారిలో సుమారు అయిదో వంతు మందికి, ఎంతో ఎక్కువ మోతాదులో కలిపినా ఆ వాసన అసలు తెలియలేదు.

ఇప్పుడు ఒకే సీసా ముందు అయిదుగురు కూర్చున్నారనుకోండి. నలుగురు ‘మిరియాలు’ అంటుంటే ఒకరు ‘నాకేం తెలియడం లేదే’ అంటారు. ఆ ఒక్కరు అబద్ధమాడటం లేదు, అనుభవం తక్కువై చెప్పలేకపోవడమూ లేదు. ఆ వాసన వారి ముక్కుకు లేదు, అంతే. ఒంటరిగా తాగితే, తనకు అందనిది ఉందన్న సంగతి కూడా వారికి తెలిసే అవకాశం లేదు. తనకు కనపడని రంగు లోకంలో ఉందని పక్కవారు చెబితేనే కదా తెలిసేది!

వాసన తెలిసినా మాట దొరకకపోవడం మరో చిక్కు. తెలిసిన వాసనే అయినా పేరు నోటి చివరే ఆగిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన ఆన్ నోబుల్ 1980ల్లో దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. ‘గంభీరమైన వైన్’, ‘సుకుమారమైన వైన్’ వంటి మాటలను తీసేసి, పండు, పువ్వు, మసాలా, మట్టి, పొగ అంటూ నిజంగా ముక్కుకు చూపించగల వాసనలతో ఒక చక్రం గీశారు. ‘లవంగం వాసన’ అని ఎవరైనా అంటే, గ్లాసులో లవంగం వేసి పక్కన పెట్టి పోల్చి చూడవచ్చు. కవిత్వం కొలతకు దగ్గరైన ఘట్టం అది.

ఈ పనికి తెలుగులో సరుకు తక్కువేం లేదు. వగరు ఉంది. ముక్క వాసన, నీచు వాసన, మాడు వాసన, పచ్చి వాసన, కమ్మటి వాసన ఉన్నాయి. పాడైన బిరడా వల్ల కొన్ని సీసాలకు పట్టే చెడు వాసనను ఇంగ్లీషువాళ్ళు ‘తడిసిన అట్టపెట్టె’ అంటారు. వాన నీళ్ళు తగిలిన బియ్యపు బస్తా తెలిసిన తెలుగువారికి ‘ముక్క వాసన’ అంటే చాలు. దానికి కారణమైన ట్రైక్లోరోఅనిసోల్ లీటరులో కొన్ని నానోగ్రాములకే బయటపడుతుంది.

కన్ను చెప్పింది ముక్కు వింటుంది

అందరూ కూడితే చాలదు, ఎలా కూడామన్నది ముఖ్యం. ఎందుకంటే ముక్కు చాలా సులభంగా ఇతరుల మాట వింటుంది.

ఫ్రాన్స్‌లో జరిగి 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగం బాగా పేరుపొందింది. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్, ఎర్ర వైన్ ఇచ్చి వాసనలు రాయమన్నారు. తర్వాత మళ్ళీ రెండు గ్లాసులు ఇచ్చారు. ఈసారి రెండింటిలోనూ ఉన్నది తెల్ల వైనే. ఒకదానిలో వాసన లేని ఎర్ర రంగు కలిపారు. విద్యార్థులు ఆ ఎర్ర గ్లాసుకు ఎర్ర వైన్‌కు వాడే మాటలే రాశారు. కన్ను ముందే తీర్పు చెప్పేసింది. ముక్కు సంతకం పెట్టింది.

ధర కూడా అంతే. 2008లో కాలిఫోర్నియాలో 20 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, గొట్టం ద్వారా వైన్ చుక్కలు ఇస్తూ ధర చెప్పారు. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లని, మరోసారి 90 డాలర్లని చెప్పారు. 90 డాలర్లని చెప్పినప్పుడు బాగుందన్నారు. వాళ్ళు మొహమాటానికి అలా అనలేదు. సంతోషంతో ముడిపడిన మెదడు భాగంలో రక్తప్రసరణ కూడా నిజంగానే పెరిగింది.

మరి నిపుణుల మాట? రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే గణాంక నిపుణుడు స్వయంగా వైన్ తయారీదారు. పోటీల్లో తన వైన్‌కు ఒకచోట బంగారు పతకం రావడం, మరోచోట ఏమీ రాకపోవడం ఆయనకు అర్థం కాలేదు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో 2005 నుంచి ఆయన ఒక పరీక్ష పెట్టారు. న్యాయనిర్ణేతలకు ఇచ్చే గ్లాసుల్లో ఒకే సీసా నుంచి పోసిన మూడు గ్లాసులను చెప్పకుండా కలిపారు. మూడింటికీ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేయగలిగినవారు పది శాతం మందే. నాలుగేళ్ళ ఫలితాలను ఆయన 2008లో ప్రచురించారు.

ఈ ఫలితాలు చూసి ‘అయితే వైన్ రుచి అంతా బూటకమే’ అనేయడం తేలిక. సోటోలాన్, రొటండోన్ ఉన్నమాట నిజం. యంత్రాలు వాటిని కొలుస్తున్నాయి. బలహీనమైనది కొలిచే పరికరం. ప్రయోగశాలలో పరికరం బలహీనమైతే ఏం చేస్తాం? ఎక్కువసార్లు కొలుస్తాం, కొలతలు ఒకదాన్నొకటి ప్రభావితం చేయకుండా చూస్తాం. రుచికీ అదే మార్గం.

ఎనిమిది టీ కప్పులు, మూడు గ్లాసులు

రుచిని పరీక్షించే శాస్త్రీయ పద్ధతి మొదలైంది టీ కప్పుతో. 1920ల్లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచి చూసి చెప్పగలనన్నారు. పక్కనే ఉన్న గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ వాదన పెట్టుకోకుండా ప్రయోగం రూపొందించారు. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు మరో రకం, వరుస మాత్రం చీటీ తీసినట్టు యాదృచ్ఛికం. ఎనిమిదిలోంచి నాలుగును 70 రకాలుగా ఎంచవచ్చు. కాబట్టి గుడ్డిగా ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. 1935లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇది ప్రయోగ రచనకే తొలి పాఠమైంది.

ఆ ఫిషర్ దగ్గరే 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పూర్తిచేసినవారు మన సి.ఆర్. రావు. తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. విశాఖ నుంచి హౌరా వెళ్ళే రైలుమార్గం ఖరగ్‌పూర్ మీదుగానే వెళుతుంది. తెలుగువారిని రైల్వే కొలువులకు చేర్చిన ఆ దారే, గణాంక శాస్త్రంలో మన దేశానికి పెద్దపీట వేయించిన మనిషినీ కలకత్తాకు చేర్చింది. టీ వేలానికి 1861 నుంచీ పేరున్న ఆ నగరంలో, టీని చప్పరించి ఉమ్మి వెల కట్టే వృత్తి నిపుణులు నేటికీ ఉన్నారు.

ఈ పద్ధతిని ప్రయత్నించడానికి వైన్ అక్కర్లేదు. నిమ్‌పురాలో ఓ ఇంట్లో ఆరుగురు స్నేహితులు కూడారనుకుందాం. ఇంట్లో ఈ ఏడాది కొన్న కొత్త చింతపండు, నల్లబడిన నిరుటి చింతపండు ఉన్నాయి. అదీ కాలంతో మాగిందే. రెండింటినీ సమాన బరువులో, సమాన నీటిలో నానబెట్టి వడకట్టండి. రుచి చూడని ఒకరు లోపలి గదిలో ఒక్కొక్కరికి మూడేసి స్టీలు గ్లాసులు పోసి, అంకెలు అంటించాలి. మూడింటిలో రెండు ఒకటే, ఒకటి వేరు. వేరైనది ఏ చోట ఉండాలో చీటీలు తీసి తేల్చాలి. రంగు చూస్తే తెలిసిపోతుంది కాబట్టి కళ్ళు మూసుకోవాలి. మధ్యలో నీళ్ళతో పుక్కిలించాలి. ఎవరికి వారు కాగితం మీద అంకె రాయాలి. అప్పటిదాకా ఎవరూ నోరు మెదపకూడదు, మొహం చిట్లించకూడదు.

ఊహించి చెబితే ఒక్కొక్కరికి మూడింట ఒక వంతు అవకాశం. ఆరుగురూ ఊహించి సరిగ్గా చెప్పే అవకాశం 729లో ఒకటి. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది సరిగ్గా చెప్పే అవకాశం 729లో 13, అంటే రెండు శాతం లోపు. కాబట్టి అయిదుగురు చెప్పారంటే తేడా నిజంగా ఉందని నమ్మవచ్చు. నలుగురే చెబితే? గుడ్డి ఊహలకే నలుగురు లేదా అంతకంటే ఎక్కువమంది సరిగ్గా చెప్పే అవకాశం పది శాతం. అప్పుడు తొందరపడకూడదు, మళ్ళీ ఆడాలి.

మౌనంగా రాయాలన్న నియమం మర్యాద కోసం పెట్టింది కాదు. తొమ్మిదిమంది విడివిడిగా మార్కులు వేస్తే, సగటులోని పొరపాటు ఒక్కరి పొరపాటులో మూడో వంతుకు తగ్గుతుంది. తొమ్మిది వర్గమూలం మూడు కదా. కానీ మొదట ఒక పెద్దమనిషి ‘అద్భుతం’ అంటే, తక్కిన ఎనిమిదిమంది తలూపితే, అక్కడ ఉన్నది తొమ్మిది కొలతలు కావు. ఒకే కొలతకు ఎనిమిది ప్రతిధ్వనులు.

మాగిన వైన్ పెట్టే కఠిన పరీక్ష

పాత వైన్ దగ్గర ఈ పద్ధతి మరీ అవసరం. నలభై ఏళ్ళ సీసాను తెరిస్తే మళ్ళీ మూయలేం. ఒకే పెట్టెలోని రెండు సీసాలు కూడా బిరడా తేడాతో వేరువేరుగా మాగి ఉండవచ్చు. మర్నాడు మళ్ళీ కొలుద్దామంటే కుదరదు. 75 సెంటీలీటర్ల సీసాను పన్నెండుమంది పంచుకుంటే ఒక్కొక్కరికి 6 సెంటీలీటర్లకు కాస్త ఎక్కువ. రుచి చూడటానికి అది చాలు. ఒకే సీసా మీద, ఒకే గంటలో, పన్నెండు కొలతలు దొరుకుతాయి. ఆసక్తిపరుల బృందాలు ఒకే తోట వైన్‌ను వేర్వేరు సంవత్సరాలవి వరుసగా పెట్టి చూస్తాయి. లేదా ఒకే సంవత్సరానికి చెందిన వేర్వేరు తోటలవి పోల్చి చూస్తాయి. ఒకటి కాలాన్ని కొలిచే పద్ధతి, మరొకటి నేలను కొలిచే పద్ధతి.

ఇలాంటి పోలిక ఒకటి చరిత్రలో నిలిచింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వ్యాపారి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్‌లను పేర్లు దాచి పెట్టించారు. తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతల మార్కులు కలిపితే ఎర్ర వైన్‌లోనూ తెల్ల వైన్‌లోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే దక్కింది. ‘ఇప్పుడు సరే, మా వైన్‌లు మాగాక చూడండి’ అన్నది ఫ్రాన్స్ వైపు వాదన. న్యాయమైన వాదనే. దాన్ని తేల్చగలిగేది కాలమే. 2006లో, ముప్ఫై ఏళ్ళు నిండిన రోజున, అవే ఎర్ర వైన్‌లను లండన్‌లోనూ కాలిఫోర్నియాలోని నాపాలోనూ ఒకేసారి మళ్ళీ పేర్లు దాచి రుచి చూశారు. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. 1971 నాటి రిడ్జ్ మాంటె బెల్లో ప్రథమంగా నిలిచింది.

నాలుక మోసపోతే భౌతికశాస్త్రం

సీసా మీది చీటీ చూసి రుచి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక కోర్టు కేసు ఉంది. అమెరికాలో రూడీ కుర్నియావన్ అనే వ్యక్తి ఇంట్లోనే వైన్‌లు కలిపి, పాత చీటీలు అంటించి, అరుదైన ఫ్రెంచి వైన్‌లుగా అమ్మాడు. ధనవంతుల విందుల్లో వాటిని మెచ్చుకున్నవారిలో అనుభవజ్ఞులు ఎందరో. చివరికి అతన్ని పట్టించినవాటిలో ఒకటి తేదీ. 1945 నుంచి 1971 దాకా తేదీలున్న ‘క్లో సాన్ దెనీ’ సీసాలను అతను 2008లో వేలానికి పెట్టాడు. వాటి మీద పేరున్న పోన్సో కుటుంబం ఆ వైన్‌ను చేయడం మొదలుపెట్టిందే 1982లో! 2013 డిసెంబరులో అతను దోషిగా తేలాడు. 2014లో పదేళ్ళ శిక్ష పడింది.

సీసా తెరవకుండానే వయసు తేల్చే దారి ఒకటుంది. అణు పరీక్షలకు ముందు ప్రకృతిలో సీజియం-137 దాదాపు లేదు. 1950లు, 1960ల్లో వాతావరణంలో జరిపిన బాంబు పరీక్షల ధూళి ప్రపంచమంతా రాలింది. ద్రాక్షతోటల మీదా రాలింది. ఆ కాలపు వైన్‌లో సీజియం ఆనవాలు ఉంటుంది. దాని అర్ధాయువు 30 ఏళ్ళు కాబట్టి ఇంకా కొలవవచ్చు. అది విడుదల చేసే 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణాలు గాజును దాటి బయటికి వస్తాయి. బోర్డోలో న్యూట్రినోలపై పనిచేసిన భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ హ్యూబెర్, అతి తక్కువ రేడియోధార్మికతను పట్టే జర్మేనియం డిటెక్టర్ పక్కన సీసాలు పెట్టి ఈ కొలత చేశారు. అటువంటి డిటెక్టర్లను విశ్వ కిరణాల గోల నుంచి కాపాడటానికి ఆల్ప్స్ కొండల కింద, 1,700 మీటర్ల రాతి చాటున ఉంచుతారు. 1900 నాటిదన్న వైన్‌లో సీజియం కనిపిస్తే ఇక వాదన లేదు, అది నకిలీ.

కనిపించకపోతే? అక్కడ ఈ పద్ధతి ఆగిపోతుంది. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌వని చెప్పిన 1787 నాటి సీసా ఒకటి 1985లో లండన్ వేలంలో 1,05,000 పౌండ్లకు అమ్ముడైంది. అదే మూలం నుంచి వచ్చిన మరో సీసాలో సీజియం దొరకలేదు. అంటే అణుయుగానికి ముందుదని మాత్రమే తెలిసింది, 1787 నాటిదని కాదు. చివరికి గాజు మీద చెక్కిన అక్షరాలను పరిశీలించి, అవి ఆధునిక విద్యుత్ పనిముట్టుతో చెక్కినవని నిపుణులు తేల్చారు. ప్రతి పరికరానికీ ఒక హద్దు ఉంటుంది. అది నాలుకైనా, జర్మేనియమైనా.

ఉమ్మేయడం కూడా పద్ధతే

వైన్ గురించి రాసినప్పుడు ఆరోగ్యం మాట దాటవేయకూడదు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఏ మోతాదూ సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఎర్ర వైన్‌లోని రెస్వెరట్రాల్ గుండెకు మంచిదన్న ప్రచారం విని తాగనక్కర్లేదు. వైన్‌లో అది చాలా స్వల్పం, ప్రయోగశాలల్లో వాడిన మోతాదులకు ఎక్కడా అందదు. వృత్తిగా రుచి చూసేవారు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. గ్లాసు పక్కన ఉమ్మిగిన్నె ఉండటం అక్కడ అమర్యాద కాదు.

రుచి చూసే శాస్త్రానికి మద్యం తప్పనిసరి కాదు కూడా. అరకు కాఫీ, డార్జిలింగ్ టీ, జాడీలో రెండో ఏడు నడుస్తున్న మాగాయ, నల్లబడిన చింతపండు, పాత బెల్లం, పాత బియ్యం అన్నింటికీ ఇదే పద్ధతి చెల్లుతుంది. పేరు, ధర, రంగు దాచండి. ముందు మౌనంగా రాయండి. తర్వాత నోరు విప్పి, ఎవరికి ఏ మాట తోచిందో చెప్పుకోండి. మీకు తెలియని మిరియాలు పక్కవారికి తెలిసి ఉండవచ్చు. వారు పేరు పెట్టలేకపోయిన వాసనకు మీరు ‘మెంతులు’ అని పేరు పెట్టగలగవచ్చు.